వెనక సీటు ఎత్తి చూడు

తిరుచానూరు,
ఆగస్టు 4.

మామా,

ఎప్పుడూ అమ్మ చెప్తుంటే రాసేదాన్ని. ఇది నా సొంతానికి రాసుకుంటున్న ఉత్తరం. నీకు ఫోన్ చేస్తే వినపడదు. మెసేజ్ పెడితే నీ బటన్ల ఫోన్లో తెలుగంతా డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తుందంటావు. పోనీ వద్దామంటే, పోయినసారి నా చేతికి పలక ఇచ్చి ఏమన్నావో గుర్తుందా? "నా ఎదురుగా కూసున్నా రాయాల్సిందే గదా పాపా. ఆ రాసేదేదో ఆడనుంచే రాస్తే బస్సు చార్జీ మిగల్దా?" అన్నావు. సరే, మిగిల్చాను.

సంగతేమిటంటే నేను కారు కొంటున్నాను. కొత్తది కాదు, సెకండ్ హ్యాండ్. ఆటో అమ్మేసి టాక్సీ నడుపుతాను.

నాలుగేళ్లుగా బస్టాండులో జనాన్ని ఎక్కించుకుని అలిపిరిలో దించుతున్నాను. ఆటోను కొండ మీదికి పోనివ్వరు కదా. దిగేటప్పుడు ఆడవాళ్లు అడుగుతారు, "నువ్వే పైకి తీసుకుపోరాదా అమ్మా, మాకు ధైర్యంగా ఉంటుంది" అని. నేను నవ్వి ఆటో వెనక్కి తిప్పుకుంటాను. నాలుగేళ్లు అదే చోట వెనక్కి తిప్పాను మామా. ఇక తిప్పడం నా వల్ల కాదు.

స్టాండులో ఈ మాట చెప్పానో లేదో, భానుచందర్ అందుకున్నాడు. "కారు కొనల్లంటే పక్కన మగోడుండల్ల. ఆడోళ్లు రంగు సూస్తారు, సీటు కవర్లు సూస్తారు, అంతే" అన్నాడు. "నువ్వు సూసి కొన్న ఆటో నెలకు పది దినాలు షెడ్డులో ఎందుకుండాదన్నా?" అని అడిగాను. అందరూ నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు.

మగవాణ్ని వెంటబెట్టుకుని పోను. ఒక్కదాన్నే పోయి, చూసి, నేనే కొంటాను. ముప్పై ఏళ్లు చిత్తూరులో షెడ్డు నడిపినవాడివి. కొనేముందు ఏమేం చూడాలో ఒక్కటి కూడా దాచకుండా రాయి.

నీ జయంతి


కార్వేటినగరం,
ఆగస్టు 10.

జయంతి పాపకు, చెవులు పోయినా చేతులు పోని నీ మామ కుప్పయ్య రాసేది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివినాను. రెండోసారి ఆ భానుచందర్ కోసం. నువ్వు అన్నది బాగుండాది.

మొదటి మాట. కారు చూసేదానికి పోయినప్పుడు నా మాదిరి చెవిటిదానివై పో. అమ్మేవాని మాట నమ్మొద్దు. వాడు ఎంత తియ్యగా చెప్పినా నీ కళ్లు, నీ చేతులు ఏం చెప్తాయో అదే లెక్క.

తెల్లారే పో. పోతానే బానెట్టు మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే, నువ్వు వచ్చేలోపల వాడు ఇంజను ఒకసారి తిప్పినాడని అర్థం. చల్లటి ఇంజను మొరాయిస్తాదని వానికి తెలుసు, నీకు తెలీకూడదని వాని ఆశ. ఆయిలు పోసే మూత తిప్పి అడుగు సూడు. తెల్లగా మజ్జిగ నురగ మాదిరి ఉంటే నీళ్లు కలిసినాయి, ఇంక తల తిప్పకుండా వచ్చేయి. పొగ గొట్టం కాడ తెల్లగుడ్డ పట్టు. నీలం పొగొస్తే ఆ బండి ఆయిలు తాగతా ఉంది.

మీటరు ఎవరైనా వెనక్కి తిప్పతారు. కాలి కింద పెడలు రబ్బరును తిప్పలేరు. మీటరు ముప్పై వేలు చూపిస్తా, రబ్బరు అరిగిపోయి నున్నగా ఉంటే ఎవరిది అబద్ధమో నీకే తెలుస్తాది.

సీటు బెల్టు సగం కాదు, మొత్తం బయటికి లాగు. చివర మట్టి గీత ఉంటే అది మద్రాసు వానల్లో మునిగిన బండి. మన పక్కకు అట్టాంటివి చానా వస్తాయి. కడిగి సెంటు కొడతారు గాని బెల్టు లోపల ఎవరూ కడగరు.

గుడ్డలో చుట్టిన అయస్కాంతం ఒకటి తీసుకుపో. డోర్ల మీద, అంచుల మీద జరుపుకుంటా రా. జారిందంటే ఆడ ఇనుము లేదు, సొట్టలు పూడ్చే పుట్టీ ఉండాది. బండి మీద కొట్టిన చాసీ నెంబరూ ఆర్సీలో నెంబరూ ఒక్కొక్క అంకె వేలు పెట్టి సరిచూడు. ఫైనాన్సు బాకీ తీరినట్టు కాగితం లేనిదే పైసా ఇయ్యొద్దు.

వెనక సీటు ఎత్తి చూడమని కొందరు చెప్తారు. ఆడ దుమ్ము తప్ప ఏముంటాది? దాని జోలికి పోవద్దు. క్లిప్పులు విరిగితే నీ నెత్తిన రుద్దుతారు.

మునెమ్మను అడిగినట్టు చెప్పు. మీ అమ్మ నా చెల్లెలే అయినా నీ చేత రాయించేదే గాని తన చేత్తో ఒక ఉత్తరం ముక్క రాయదు.

కుప్పయ్య


తిరుచానూరు,
ఆగస్టు 27.

మామా,

మూడు కార్లు చూశాను, మూడూ వద్దన్నాను. ఎంత బాగుందో తెలుసా, వద్దు అనడం!

మొదటిది ఒక రిటైరైన మేష్టారిది. పొద్దున ఆరింటికి పోతే బానెట్టు కాలుతోంది. "ఏం సార్, పాల ప్యాకెట్టు కోసం కూడా కారేనా?" అన్నాను. ఆయన ఇంట్లోకి పోయి మళ్లీ బయటికి రాలేదు.

రెండోదాని బెల్టు లాగుతుంటే బ్రోకరు, "అంత లాగగూడదమ్మా, పాడైపోతాది" అని నా చెయ్యి పట్టుకోబోయాడు. నేను ఇంకా లాగాను. మట్టి గీత! వేలితో రుద్ది వాడికే చూపించాను. మూడోదాని డోరు మీద అయస్కాంతం జర్రున జారి నా కాలి మీద పడింది. నొప్పి పుట్టింది గానీ నవ్వు ఆగలేదు.

స్టాండులో ఇప్పుడు నన్ను ఇన్‌స్పెక్టరమ్మ అంటున్నారు. ఎగతాళికే అంటున్నారు. అయినా మొన్న భానుచందర్ వచ్చి, వాళ్ల బామ్మర్ది కారు కొంటున్నాడట, నీలం పొగ అంటే ఏమిటని చిన్నగా అడిగి పోయాడు.

జయంతి


కార్వేటినగరం,
సెప్టెంబరు 1.

పాపా,

నీ ఉత్తరం పట్టుకుని ఊరంతా తిరిగినాను. బడ్డీ కొట్టు కాడ చదివించి, ఇదీ మా చెల్లెలి కూతురు అని చెప్పుకున్నాను. వాళ్లేమన్నారో నాకు వినపడలేదు, మొహాలు మాత్రం బాగున్నాయి. తొందరపడొద్దు. ఇంకో పది కార్లు వద్దను.

కుప్పయ్య


తిరుచానూరు,
సెప్టెంబరు 12.

మామా,

దొరికింది!

రేణిగుంట రోడ్డులో ధర్మేంద్ర అని ఒకాయన యార్డు ఉంది. ముందు చిత్తూరులో ఉండేవాడట. తెల్ల కారు, డిక్కీ పెద్దది, తొమ్మిదేళ్ల బండి. బానెట్టు చల్లగా ఉంది. మూత కింద శుభ్రంగా ఉంది. బెల్టు చివరిదాకా లాగాను, మచ్చ లేదు. అయస్కాంతం ఎక్కడ పెట్టినా టప్పున అంటుకుంది. చాసీ నెంబరు అంకె అంకె చూశాను.

ఇక నీకు కోపం వచ్చే సంగతి. వెనక సీటు ఎత్తాను. వద్దంటే చేయాలనిపించడం మన ఇంటి రోగమే కదా. క్లిప్పు ఒక్కటీ విరగలేదు. కింద ఏముందో చెప్పనా? ముడుపు! పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల మూటగట్టి, పక్కనున్న ఇనుప పట్టీకి రాగి తీగతో మూడు చుట్లు చుట్టి కట్టారు. గుడ్డ రంగు వెలిసింది గానీ ముడి వదల్లేదు. రెండు చేతులతో కళ్లకద్దుకున్నాను.

ధర్మేంద్ర కూడా చూశాడు. తర్వాత, "సూసినావా అమ్మా, ఇది స్వామి బండి. నీకోసరమే కాచుకోనుండాది" అన్నాడు. ఇంకేం చూడాలనిపించలేదు మామా. కింద పట్టా కూడా పైకెత్తకుండా సీటు దించేశాను. యాభై వేలు అడ్వాన్సు ఇచ్చాను. ఇరవై ఐదో తేదీకి మిగతాది కట్టి బండి తెచ్చుకోవాలి. ఆటోకు కూడా బేరం మాట్లాడాను.

కొండకు మొదటి ట్రిప్పు నువ్వూ అమ్మా. తయారుగా ఉండు.

జయంతి


కార్వేటినగరం,
సెప్టెంబరు 16.

జయంతీ,

ఆ కారు కొనొద్దు. అడ్వాన్సు పోతే పోనీ. ఆటో అమ్మొద్దు. ఎందుకని అడగొద్దు.

కుప్పయ్య


తిరుచానూరు,
సెప్టెంబరు 18.

మామా,

దీన్ని పోస్టులో వేయకుండా పుత్తూరు బస్సు డ్రైవరు మునికృష్ణన్న చేతికిచ్చి పంపుతున్నాను. కోపం చల్లారేలోపల నీకు చేరాలి.

ఎందుకని అడగొద్దా? లైసెన్సు తీసుకుంటానంటే అమ్మ అదే అంది. ఆటో నడుపుతానంటే స్టాండంతా అదే అంది. వాళ్లకు నేను జవాబు చెప్పి వచ్చాను, నీకూ చెప్తాను. ఒక్కదాన్నే పోయి చూస్తానంటే ఊరంతా చెప్పుకున్నావు. నిజంగా ఒకటి ఎంచుకునేసరికి భయపడ్డావు. ఆడది వద్దు వద్దు అంటూ తిరిగితే అందరికీ ముచ్చటగానే ఉంటుంది. కావాలి అంటేనే కష్టం.

నువ్వు నేర్పినవన్నీ చూశాను. ఒక్కటీ తప్పలేదు. ఇక ఆ బండిలో తప్పుంటే అది నాకు నేర్పకుండా నువ్వు దాచుకున్నదే అయ్యుండాలి. ఏం దాచావో చెప్పు. చెప్పకపోతే ఇరవై ఐదున డబ్బు కట్టేస్తాను. నా మాట మీద నేను నిలబడతానని నీకు తెలుసు.

జయంతి


కార్వేటినగరం,
సెప్టెంబరు 20.

పాపా,

దాచినాను. నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు.

ఆ ముడుపు కట్టింది నేనే. రాగి తీగ మూడు చుట్లు అని నువ్వు రాసినకాడే పోల్చుకున్నాను.

ఎనిమిదేళ్ల కిందట నాకు చెవులు పోతా ఉన్నాయి. ఇంజను చప్పుడు వినలేని మెకానిక్కు కాడికి బండి ఎవరు తెస్తారు? ఒక్కొక్కరే మానుకున్నారు. అప్పుడు చిత్తూరులో బ్రోకరుగా ఉన్న ఈ ధర్మేంద్ర ఒక్కడే వచ్చేవాడు. చెవిటోడు అడగడు, ఎవరితో చెప్పడు అని వానికి బాగా తెలుసు.

ఒకరోజు ఒకే రంగు కార్లు రెండు తెచ్చినాడు. ఒకదానికి ముందు సగం లారీ కింద నుజ్జయింది. ఇంకోదానికి వెనక సగం. రెండింటినీ కోసి, బాగున్న సగాలు రెండూ కలిపి ఒక కారు చెయ్యమన్నాడు. చేసినాను పాపా. పుట్టీ ముట్టుకోలేదు, ఇనుముకు ఇనుమే అతికినాను, అందుకే నీ అయస్కాంతం జారలేదు. ఎవరూ కనిపెట్టలేని పనితనమని ఆ పొద్దు గర్వపడినాను కూడా. ఆ అతుకు వెనక సీటు కింద, పట్టా అడుగున అడ్డంగా పోతాది.

సదును రోడ్డులో ఏమీ తెలీదు. ఘాట్ రోడ్డులో మలుపు మలుపుకూ బండి ఒళ్లు మెలి తిరగతాది. నిండా మనుషులను కూర్చోబెట్టుకుని నువ్వు రోజుకు మూడుసార్లు ఎక్కి దిగితే, ఆ అతుకు ఎన్నాళ్లు ఓర్చుకుంటాదో అతికిన నేనే చెప్పలేను.

బండి పోయేముందు ముడుపు కట్టినాను. ఇందులో ఎక్కినోళ్లకు ఏమీ కాకుండా చూడు స్వామీ, నడిచొచ్చి చెల్లిస్తానని మొక్కినాను. నేను చెయ్యకుండా ఉండాల్సిన పని చేసి, కాపలా స్వామికి పెట్టినాను. సిగ్గులేని మొక్కు. ఆ నెలలోనే షెడ్డు మూసేసినాను. చెవులు పోయినాయని మీకందరికీ చెప్పినాను గాని అసలు సంగతి ఇది. ఆ బండి ఎక్కడో అరిగి తుక్కయిపోయుంటాదని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. నీకు అన్నీ నేర్పి ఆ ఒక్క చోటు వద్దన్నది, దాన్ని తలుచుకునే ధైర్యం లేకనే. నువ్వు ఆడదానివని కాదు. నీ మీద నాకు భయం లేదు, నా మీద నాకు ఉండాది.

ఇంకో కాగితం జత చేసినాను. ఆ అతుకు నేనే పెట్టినానని రాసి సంతకం చేసినాను. వాడు అడ్వాన్సు ఇయ్యనంటే నలుగురిలో చదువు.

కుప్పయ్య


తిరుచానూరు,
సెప్టెంబరు 24.

మామా,

మునికృష్ణన్న తెచ్చిచ్చిన నీ ఉత్తరం చదివి ఒకరోజంతా నీతో మనసులో పోట్లాడాను. ఆ పోట్లాట ఇంకా అయిపోలేదు, తర్వాత చూసుకుందాం. ముందు జరిగింది రాస్తాను.

యార్డుకు పోయి, ఒక్క మాట మాట్లాడకుండా వెనక సీటు ఎత్తాను. పట్టా అంటించి ఉంది, లాగేశాను. కింద నల్లటి తారు పూత. స్క్రూడ్రైవరుతో గీకాను. కారు ఈ పక్క నుంచి ఆ పక్కకు ఒకటే గీత, బెత్తెడు కూడా తెగకుండా. ఏమాటకామాటే చెప్పుకోవాలి, కుట్టు చాలా నీటుగా ఉంది మామా. అందుకే ఇంకా కోపం వచ్చింది.

ధర్మేంద్ర పరుగెత్తుకొచ్చాడు. "గమ్మునుండమ్మా. నీ దుడ్డు నీకిచ్చేస్తా, ఎవురికీ చెప్పొద్దు" అన్నాడు. అక్కడికక్కడే ఇచ్చేశాడు. "మరి ఈ కారు?" అన్నాను. "నువ్వు కొనవు గదా, నీకెందుకు?" అన్నాడు.

మరుసటి రోజు ఆ దారిలో పోతుంటే కారు కడిగి, పూలదండ వేసి, యార్డులో ముందు వరసలో పెట్టి ఉంది. పట్టా మళ్లీ అంటించి ఉంటాడు. ముడుపు చూసి నాలాగే దండం పెట్టుకుని డబ్బిచ్చే మనిషి ఎక్కడో తయారవుతూ ఉంటుంది. నాకెందుకు అనుకుని రెండు కిలోమీటర్లు పోయాను. పోలేక వెనక్కి తిప్పాను. ఈసారి తిప్పినందుకు బాధ లేదు.

బోర్డులు రాసే నందిని దగ్గరికి పోయి ఆటో వెనక అద్దం కింద పెద్ద అక్షరాలతో రాయించాను: "కారు కొనేముందు వెనక సీటు ఎత్తి చూడండి." తీసుకుపోయి యార్డు గేటు ఎదురుగా, రోడ్డు అవతల నిలబెట్టాను. నిన్నటి నుంచి అక్కడే ఉన్నాను. "నా పేరు పాడుచేస్తా ఉండావు, కేసు పెడతా" అన్నాడు. "నీ పేరు యాడ రాసినాను? సీటు పేరు గదా రాసింది!" అన్నాను.

నీ కాగితం మాత్రం బయటికి తీయలేదు. డబ్బు అది లేకుండానే వచ్చింది. నీ పేరు బయటపెట్టాలా వద్దా అన్నది నాది కాదు, నీది. నువ్వు రాకపోయినా నేను ఆ గేటు ముందే ఉంటాను. ఒట్టి మాట అనుకోవద్దు.

జయంతి


కార్వేటినగరం,
సెప్టెంబరు 25.

పాపా,

మునికృష్ణ చేతికే ఇచ్చి పంపతా ఉన్నాను. రేపు మొదటి బస్సుకు వస్తాను. కాగితం ఎందుకు, మనిషినే ఉన్నాను కదా. పలకా బలపం తెస్తాను.

వాడు తిడతాడు. తిట్టనీ. నా చెవులకు ఇన్నాళ్లకు ఒక పని దొరికింది.

కుప్పయ్య


తిరుచానూరు,
అక్టోబరు 19.

మామా,

గేటు దగ్గర మూడు రోజులు నా పక్కనే కూర్చున్నావు గానీ సగం నీకు తెలియదు. ధర్మేంద్ర పెదాలు కదిలినప్పుడల్లా పలక నా చేతికిచ్చి, "ఏమంటాడు?" అని అడిగావు. నేను "ఏమీ లేదు" అని రాశాను. ఇప్పుడు నిజం రాస్తాను. మన మధ్య దాపరికాలు చాలు.

మొదటి రోజు, "చెవులతో బాటు బుద్ధి గూడా పాయనా ముసిలోడా?" అన్నాడు. నువ్వు నవ్వి, పలక అతని వైపు తిప్పావు. "ఆ తెల్ల కారులో అతుకు పెట్టింది నేనే. కుప్పయ్య, మెకానిక్" అని ఉంది దాని మీద. అతని మొహం చూసే ఉంటావు.

రెండో రోజు, "నేను పని ఇయ్యకపోతే పస్తులుండేవానివి, విశ్వాసం లేదా?" అన్నాడు. ఇది విని ఉంటే నువ్వు లేచి పోయేవాడివేమోనని భయపడ్డాను. అందుకే ఆ రోజు రాయలేదు. ఇప్పుడు రాసినా పోవని తెలుసు.

ఆ కోమలి అనే నర్సమ్మ గుర్తుందా, నీ పలక ఫొటో తీసుకుంది చూడు, ఆమె యార్డులోకి పోయి వరసగా ప్రతి కారు వెనక సీటూ ఎత్తించింది. ఆమెను చూసి కొనడానికొచ్చిన మిగతావాళ్లూ ఎత్తించారు. పద్దెనిమిది కార్లు. అమ్మేవాళ్లు సీట్లు ఎత్తి దించి అలిసిపోయారు. మూడో రోజు సాయంత్రం ధర్మేంద్ర నా దగ్గరికొచ్చి అన్నమాట ఇది: "ఆ బండి కోసి తుక్కులో ఏస్తా, ఆర్సీ గూడా ఆఫీసులో అప్పజెప్తా. ఆ ముసిలాయన్ని ముందు ఈడ్నుంచి లేపు తల్లీ." మొదటిసారి నిన్ను "ఆయన" అన్నాడు.

నువ్వు మాత్రం లేవలేదు. "నేను కోస్తేనే లేస్తా" అని పలక మీద రాసి చూపించావు. కటింగ్ మిషను పట్టుకుని నీ అతుకు మీద నువ్వే పోతుంటే నాకు కళ్లనీళ్లు ఆగలేదు. నీతో నా పోట్లాట ఆ నిప్పురవ్వల్లోనే అయిపోయింది. నీ మీద కోపం లేదు మామా. ఇది కూడా రాసి చెప్పకపోతే నీకు తెలియదు కదా.

ఇప్పుడు మంచి కబురు. పోయిన ఆదివారం కారు కొన్నాను. చిత్తూరులో ఒక లైన్‌మన్ వాళ్లది. తెల్లారే పోయాను, చెయ్యి పెట్టాను, చల్లగా ఉంది. ఎడమ డోరుకు సొట్ట ఉంది. నేను అడగకముందే ఆయనే చూపించాడు. ఉన్నదంతా చూశాను, పట్టా కూడా ఎత్తాను. దుమ్మూ, ఒక హెయిర్‌పిన్నూ తప్ప ఏమీ లేవు. ఆటో అమ్మేశాను. కొన్నతను వెనక రాత చెరపనన్నాడు. ఆ కొన్నది ఎవరో కాదు, భానుచందర్!

కారు కోసేముందు చేతులు మురికిగా ఉన్నాయని నువ్వు నా చేతికిచ్చిన ముడుపు భద్రంగా ఉంది. హుండీలో నేను వేయను. మొక్కింది నువ్వు. బుధవారం పొద్దున నీ ఇంటి ముందుకు వస్తాను. నడిచి ఎక్కుతానని మొక్కావు కాబట్టి అలిపిరిలో నిన్ను దించేస్తాను. నువ్వు మెట్ల దారిన రా. నేనూ అమ్మా ఘాట్ రోడ్డులో పైకి పోయి నీకోసం కాచుకుంటాం. అలిపిరిలో మనిషిని దించి, బండి వెనక్కి తిప్పకుండా ముందుకు పోవడం నాకు అదే మొదటిసారి. దిగేటప్పుడు ముగ్గురం కలిసి కారులోనే.

ఒక్క మాట. కారు ఆగగానే ఎక్కి కూర్చోవద్దు. ముందు వెనక సీటు ఎత్తి చూడు. మేనకోడలి కారే కదా అని నా మాట నమ్మొద్దు.

జయంతి